మోడల్లో మెట్లెక్కేవాడికి మోకాళ్ళుండవు

మొన్నామధ్య మా టీములో ఒకబ్బాయి వాట్సాప్‌లో ఓ బొమ్మ పంపించాడు. మధురవాడలో కట్టించుకుంటున్న డూప్లెక్స్ ఇంటి త్రీడీ వ్యూ. హాల్లో ఓ మూల నించి పై ఫ్లోరుకి మెలికలు తిరుగుతూ వెళ్ళే స్పైరల్ మెట్లు. పక్కనే ఓ కుండీ, కుండీలో మొక్క, మొక్క మీద కిటికీలోంచి పడే ఎండ. కింద "లుక్ అదిరింది కదా బాస్?" అని రాశాడు.

నేను ఒకటే అడిగాను. "పైకి వెళ్ళడానికి వేరే మెట్లున్నాయా?"

"లేవు బాస్. ఇవున్నాయిగా, ఇంకోటెందుకు? జాగా వేస్టు."

అతనికి చెప్పాల్సిందంతా వాట్సాప్‌లో పట్టదు. అందుకే ఈ టపా. కొంచెం ఘాటుగానే ఉంటుంది. నొచ్చుకునేవాళ్ళు ముందే క్షమించెయ్యండి. తిట్టేవాళ్ళు మాత్రం చివరిదాకా చదివి తిట్టండి. ఎందుకంటే ఇందులో అందరికంటే ఎక్కువ తిట్లు తినాల్సింది నేనే.

ముందు నా మాట చెప్పేస్తాను. ఒక ఇంటికి ఉన్నవి ఒకే మెట్లయితే అవి స్పైరల్ మెట్లు కాకూడదు. ఇది మొదటిది. రెండోది, ఈ తప్పుని ఇంటి ఓనర్ల మీదా, మేస్త్రీల మీదా తోసేసి మనం చేతులు కడుక్కోడానికి లేదు. ఈ రోజుల్లో ఇది కంప్యూటర్ ముందు కూర్చున్న మనలాంటి వాళ్ళ దగ్గరే మొదలవుతోంది.

నేనెవణ్ణి, నాకేంటి?

నేను బీటెక్ సివిల్ చదివి సాఫ్ట్‌వేర్‌లోకి దూకినవాణ్ణి. (మన బ్యాచ్‌ల్లో దూకనివాళ్ళెవరు లెండి :-)) ఐదేళ్ళుగా నా పని బిల్డింగ్ డిజైన్ సాఫ్ట్‌వేర్లకి ప్లగిన్లు రాయడం. గోడలు, తలుపులు, మెట్లు ఇవన్నీ నాకు ఆబ్జెక్టులు. మెట్లంటే ఒక క్లాసు, దానికి కొన్ని ప్రాపర్టీలు. ఏ ప్రాపర్టీ మారిస్తే ఏది కదులుతుందో నిద్రలో అడిగినా చెప్తాను.

తెలియనివాళ్ళ కోసం ఒక్క ముక్క. పాత రోజుల్లో స్పైరల్ మెట్లు గియ్యాలంటే డ్రాఫ్ట్స్‌మన్‌కి చుక్కలు కనపడేవి. ప్లానులో వృత్తం గీసి ముక్కలు చెయ్యాలి, ఒక్కో ముక్కనీ ఎలివేషన్‌లోకి దించాలి, రైలింగ్ వంపు కోసం మళ్ళీ లెక్క. ఆటోక్యాడ్ 1982లో వచ్చింది గానీ, అందులోనూ చాలాకాలం గీతలే గీశారు. గీతకి తను మెట్టునని తెలీదు. ఆ తర్వాత రివిట్ లాంటివొచ్చాయి. ఈ రివిట్‌ని 1997లో లియోనిడ్ రైజ్, ఇర్విన్ జంగ్రైస్ అనే ఇద్దరు మొదలెట్టారు. అంతకు ముందు వాళ్ళు మెకానికల్ డిజైన్ సాఫ్ట్‌వేర్ చేసే పీటీసీలో పనిచేసినవాళ్ళు. 2000లో మొదటి వెర్షన్ వచ్చింది, 2002లో ఆటోడెస్క్ 13.3 కోట్ల డాలర్లకి కొనేసింది. మెషీను పార్టులకి వాడే పారామీటర్ల పద్ధతిని వాళ్ళు బిల్డింగుల్లోకి పట్టుకొచ్చారు. ఒక అంకె మారిస్తే దాని మీద ఆధారపడ్డవన్నీ వాటంతటవే సర్దుకుంటాయి. రివైజ్ ఇన్‌స్టంట్లీ అన్న మాటల్లోంచే ఆ పేరు పుట్టిందంటారు.

2013 వెర్షన్ నించి అందులో స్పైరల్ రన్ అని విడిగా ఒక టూల్ ఉంది. మధ్య బిందువు మీద ఒక క్లిక్కు, వ్యాసార్ధానికి ఇంకో క్లిక్కు. 2018 వెర్షన్‌లో ఇంకో సుఖం కూడా వచ్చింది. అంతకు ముందు ఒకే మెట్లని చాలా ఫ్లోర్లకి కొనసాగించాలంటే ఫ్లోర్ల ఎత్తులన్నీ సమానంగా ఉండాల్సొచ్చేది. ఇప్పుడు ఎలివేషన్‌లో ఏయే లెవెల్స్ కావాలో ఎంచుకుంటే చాలు, ఎత్తులు వేరువేరుగా ఉన్నా మెట్లు వాటికి తగ్గట్టు సర్దుకుంటాయి. గ్రౌండ్ నించి టెర్రస్ దాకా మెట్లు లేవడానికి టీ తాగేంత టైము కూడా పట్టదు.

ఇదంతా గొప్ప పనితనమే. నేను దాన్ని తప్పుపట్టట్లేదు. తప్పు ఎక్కడుందో చెప్పాలంటే మా ఇంటి కథ చెప్పాలి.

మా ఇంటి కథ

మా నాన్న స్టీల్ ప్లాంటులో 33 ఏళ్ళు చేశారు. ఉక్కునగరం క్వార్టర్సులో పెరిగాను నేను. రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చెయ్యాలి కాబట్టి, ఎప్పుడో కొనిపెట్టుకున్న 110 గజాల స్థలంలో గాజువాక దగ్గర ఇల్లు మొదలెట్టారు. గ్రౌండ్, పైన రెండు ఫ్లోర్లు. కింద రెండూ అద్దెకి, పైన అమ్మా నాన్నా. పైన ఎందుకంటే గాలొస్తుంది, పైగా టెర్రస్ ఎక్కితే ప్లాంటు చిమ్నీలు కనిపిస్తాయి. నాన్నకి అదొక తృప్తి.

అప్రూవలైన ప్లానులో మామూలు మెట్లే ఉన్నాయి. సగం ఎక్కి, ల్యాండింగ్ మీద తిరిగి, మిగతా సగం ఎక్కేవి. వీటినే మన సివిల్ వాళ్ళు డాగ్‌లెగ్ అంటారు. ఒక్కో ఫ్లోర్లో ఆ మెట్లు సుమారు 62 చదరపు అడుగులు తింటున్నాయి. 62 అంటే ఏంటి? 8 బై 8 గది. బ్యాచిలర్ కుర్రాడికిస్తే నెలకి 3,000.

ఆ ఐడియా నాదే. "నాన్నా, ఈ మెట్లు తీసేసి ముందు మూల ఇనప స్పైరల్ పెడదాం. 25 చదరపు అడుగుల్లో అయిపోతుంది. అక్కడ రూము మిగుల్తుంది. చూడ్డానికీ బావుంటుంది" అన్నాను. ఆ రాత్రే ల్యాప్‌టాప్ తీసి మోడల్ చేశాను. బొగన్‌విల్లియా తీగ కూడా పాకించాను. అమ్మకి ఆ తీగ నచ్చేసింది. నాన్నకి నేను నచ్చేశాను, వాళ్ళబ్బాయి కంప్యూటర్లో ఇల్లు తిప్పి చూపిస్తున్నాడు కదా మరి.

మేస్త్రి ఒక్కడే బొమ్మని చాలాసేపు చూశాడు. "ఏటి బాబూ, ఇంటికున్నవి ఇయ్యే మెట్లు. సుట్టుమెట్లు ఎట్టేస్తే రేప్పొద్దున్న బీరువా ఎలాగెక్కిస్తారు? మంచాన పడ్డ మనిషిని ఎలాగ దించుతారు?" అన్నాడు.

"బీరువా తాడు కట్టి బాల్కనీలోంచి లాగుదాంలే" అన్నాను. రెండో ప్రశ్నకి జవాబు చెప్పలేదు. చెప్పకపోవడం కూడా కాదు, ఆ ప్రశ్న నా చెవికెక్కలేదు.

ఇప్పుడు అసలు పాపం. నేను మోడల్ చేస్తున్నప్పుడు సాఫ్ట్‌వేర్ ఊరుకోలేదు. మూడు వార్నింగులిచ్చింది. మెట్టు ఎత్తు ఎక్కువుందని ఒకటి, పాదం పెట్టే వెడల్పు తక్కువుందని రెండోది, దారి ఇరుగ్గా ఉందని మూడోది. మా టెంప్లేట్‌లో గరిష్ఠ ఎత్తు 190 మిల్లీమీటర్లు, కనిష్ఠ ట్రెడ్ 250, కనిష్ఠ వెడల్పు 1,000 అని ఉన్నాయి. అవి ఎవరో సరదాకి పెట్టినవి కావు, నేషనల్ బిల్డింగ్ కోడ్ 2005లో ఇళ్ళ మెట్లకి రాసిన అంకెలవి.

నేనేం చేశానో మీరు ఊహించే ఉంటారు. మెట్లు మార్చలేదు. అంకెలు మార్చాను. 190 ని 220 చేశాను, 250 ని 190 చేశాను, 1,000 ని 600 చేశాను. మూడు వార్నింగులూ పోయాయి. మోడల్ క్లీన్. రెండు నిమిషాల పని.

కోడ్ కంపైల్ అవ్వకపోతే వార్నింగ్ లెవెల్ తగ్గించేసుకునే జాతి కదా మనది. అలవాటు ఎక్కడికి పోతుంది!

టేపు పట్టుకుని కొలిస్తే

కట్టిన మెట్లని తర్వాత నేనే టేపు పట్టుకుని కొలిచాను. లెక్క మీరూ వేసుకోండి, పదో తరగతి లెక్కే.

మొత్తం వ్యాసం 4 అడుగుల 6 అంగుళాలు. మధ్యలో 4 అంగుళాల పైపు. ఫ్లోరు ఎత్తు 10 అడుగులు. పై గుమ్మం రోడ్డు వైపుకి రావాలంటే 14 మెట్లే పట్టాయి. 120 అంగుళాల్ని 14 తో భాగిస్తే ఒక్కో మెట్టు ఎనిమిదిన్నర అంగుళాల పైనే, అంటే దాదాపు 218 మిల్లీమీటర్లు. వృత్తాన్ని 12 ముక్కలు చేశాం కాబట్టి ఒక్కో మెట్టు 30 డిగ్రీలు. బయటి అంచున పాదానికి 14 అంగుళాల జాగా ఉంది. సరిగ్గా మధ్యలో 7.6 అంగుళాలు. పైపు దగ్గర 1 అంగుళం. అవును, ఒక్క అంగుళమే.

నడిచేవాడు బయటి అంచున నడవాలని డిజైను ఉద్దేశం. కానీ భయపడ్డ మనిషి ఎక్కడ నడుస్తాడు? చేతికి గట్టిగా దొరికేదాని పక్కన నడుస్తాడు. పెద్దవాళ్ళు పైపుని వాటేసుకుని దిగుతారు. అంటే ఎవరికి ఎక్కువ జాగా కావాలో వాళ్ళే ఒక అంగుళం జాగా ఉన్న చోటికి పోతారు. వాన పడ్డప్పుడు ఆ చెకర్ ప్లేట్ మీద సంగతి నేను వేరే చెప్పక్కర్లేదు. విశాఖ ఉప్పుగాలికి ఇనుము ఏమవుతుందో కూడా చెప్పక్కర్లేదు.

ఇంకో తమాషా. 17వ శతాబ్దంలో ఫ్రాంస్వా బ్లాండెల్ అనే ఫ్రెంచి ఆర్కిటెక్టు మెట్లకి ఒక సూత్రం చెప్పాడు. మెట్టు ఎత్తుని రెట్టింపు చేసి దానికి ట్రెడ్ కలిపితే మనిషి ఒక అడుగు దూరానికి సరిపోవాలి. ఇప్పటికీ చాలా సాఫ్ట్‌వేర్లు దీన్నే కొద్ది మార్పులతో వాడతాయి, 600 నించి 640 మిల్లీమీటర్ల మధ్య వస్తే మంచిదంటారు. మా మెట్లకి వెయ్యండి. రెండు 218లు 436, దానికి 193 కలిపితే 629. పాస్! ఎత్తు తప్పు, వెడల్పు తప్పు, కానీ రెండు తప్పులూ కలిసి ఒప్పయ్యాయి. ఆ పచ్చ టిక్కు చూసి నేను లోపల్లోపల మురిసిపోయాను కూడా.

స్పైరల్ గురించి ఆ 2005 కోడ్ విడిగా కూడా చెప్పింది. బయట వేసే స్పైరల్ మెట్ల వ్యాసం 1.5 మీటర్లకి తగ్గకూడదు, తక్కువమంది ఉండే చోటే వాడాలి, బిల్డింగ్ ఎత్తు 9 మీటర్లు దాటితే మధ్యలో ఆగి నిలబడ్డానికి బాల్కనీ లాంటివి ఉండాలి. మా వ్యాసం 1.37 మీటర్లు. దాని గురించి సాఫ్ట్‌వేర్ నన్ను అడగనేలేదు. నేనూ కోడ్ తెరిచి చూడలేదు. బీటెక్‌లో నాకు బిల్డింగ్ ప్లానింగ్‌లో 78 మార్కులు.

ఆ రాత్రి

గృహప్రవేశమైన రెండో ఏడు, ఆషాఢంలో ఒక రాత్రి ఒంటిగంటన్నరకి నాన్నకి ఛాతీలో నొప్పి. చెమటలు. అదృష్టం కొద్దీ నేను ఇంట్లోనే ఉన్నాను. 108కి ఫోన్ చేస్తే ఇరవై నిమిషాల్లోపే వచ్చారు. ఇద్దరు కుర్రాళ్ళు స్ట్రెచర్ తీసుకుని మెట్ల దాకా వచ్చి ఆగిపోయారు. పైకి చూశారు. ఒకతను నన్నడిగాడు, "సార్, వేరే మెట్లెక్కడ?"

వేరే మెట్లు లేవు.

ఆరడుగుల స్ట్రెచర్ నాలుగున్నర అడుగుల వృత్తంలో తిరగదు. ఇది తెలుసుకోడానికి ఇంజినీరింగ్ అక్కర్లేదు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి దించుదామని చూశాం. రైలింగుకీ పైపుకీ మధ్య దారి రెండడుగులు లేదు, కుర్చీ మోసేవాళ్ళు ఇద్దరు పక్కన నిలబడలేరు. కింద మనిషి ఒక మెట్టు దిగేసరికి పైమనిషికి కనపడడు. రెండు మెట్లు దిగాక కుర్చీ కాలు రైలింగులో ఇరుక్కుంది. నాన్నే అన్నారు, "ఆపండ్రా, నేనే దిగుతాను" అని.

మా నాన్న ఆ రాత్రి రెండు ఫ్లోర్లు కూర్చుని దిగారు. ఒక మెట్టు మీద కూర్చోడం, కాళ్ళు కింది మెట్టు మీద పెట్టడం, చేత్తో పైపు పట్టుకుని కిందకి జారడం. కింద 108 కుర్రాడు ఆయన పాదాలు పట్టుకున్నాడు, వెనక నేను చంకల్లో చేతులేసి పట్టుకున్నాను. వాన. అమ్మ పైనుంచి టార్చి కొడుతోంది. ఛాతీ నొప్పి వచ్చిన మనిషిని ఒక్క అడుగు కూడా నడవనివ్వకూడదంటారు. మేము 28 మెట్లు దింపాం. 22 నిమిషాలు పట్టింది.

బతికారు. స్టెంటు పడింది. ఇప్పుడు బావున్నారు, ఈ టపా నేను చదివి వినిపిస్తే "నన్నెందుక్కలిపావురా ఇందులో" అని నవ్వారు కూడా. కానీ ఆ 22 నిమిషాలు నావి. వాటిని సాఫ్ట్‌వేర్ మీదో, మేస్త్రి మీదో వెయ్యలేను. 190 ని 220 చేసిన చెయ్యి ఇదే.

మీరనబోయేవి నాకు తెలుసు

"చార్మినార్లో లేవా? నాలుగు వందల ఏళ్ళ నించీ నిలబడలేదా?" అంటారు. ఉన్నాయి. 1591 నాటి చార్మినార్ మినార్లలో మెలికలు తిరిగే మెట్లు 149 ఉన్నాయి. కానీ అది కట్టడం, కాపురం కాదు. అందులో ఎవరూ మంచాన పడరు, ఎవరూ బీరువా ఎక్కించరు. పోనీ కట్టడాల్లోనైనా ఏం జరిగిందో చూడండి. 1981 డిసెంబరు 4న ఢిల్లీ కుతుబ్ మినార్లో కరెంటు పోయి మెట్లమీద చీకటైంది. లోపలున్న జనం ఒక్కసారిగా కిందికి తోసుకొచ్చారు. 45 మంది చనిపోయారు, ఎక్కువమంది బడిపిల్లలు. ఆ తర్వాత లోపలి మెట్లు జనానికి మూసేశారు. మెలికల మెట్లలో వెనకవాడికి ముందేం జరుగుతోందో కనపడదు. అదే దాని అసలు జబ్బు, అది అందంలోనే ఉంది.

"ఇంగ్లీషువాళ్ళ బంగ్లాలకి ఇనప స్పైరల్ మెట్లుండేవిగా" అంటారు. ఉండేవి, ఎక్కడ? వెనకాల. పై అంతస్తు బాత్రూములు శుభ్రం చేసే పాకీవాళ్ళు ఇంట్లోంచి రాకుండా బయటినించి ఎక్కడానికి. దొరగారికి ముందువైపు విశాలమైన మెట్లు వేరే ఉండేవి. అంటే అవి ఎప్పుడూ రెండో మెట్లే. పైగా కష్టమైనవని తెలిసే, ఎవరి కష్టానికి లెక్కలేదో వాళ్ళకి కేటాయించారు. ఇప్పుడు అవే మెట్లని మనం ఇరవై ఏళ్ళ ఈఎమ్‌ఐ కట్టి హాల్లో పెట్టుకుని లుక్ అంటున్నాం.

"వంద గజాల స్థలంలో ఇంకేం చెయ్యమంటావు?" ఇది మాత్రం న్యాయమైన ప్రశ్న. గాజువాక చుట్టుపక్కల, వడ్లపూడి, అగనంపూడి లాంటి నిర్వాసితుల కాలనీల్లో చిన్న చిన్న స్థలాలు. ఫ్యాక్టరీకి ఊళ్ళకి ఊళ్ళు ఇచ్చేసి, బదులుగా దొరికిన ముక్కలో మూడు తరాలు సర్దుకోవాలి. అక్కడ ప్రతి అడుగూ అన్నమే. కానీ లెక్క నిజాయితీగా వెయ్యండి. 1.5 మీటర్ల స్పైరల్‌కి 24 చదరపు అడుగులు కావాలి, మీటరు వెడల్పు డాగ్‌లెగ్‌కి 62. తేడా 38 చదరపు అడుగులు, ఒక డబుల్ కాట్ మంచం జాగా. చిన్న స్థలంలో అది చాలా పెద్దదే, ఒప్పుకుంటాను. అయినా ఆ మంచం మీద పడుకున్న మనిషిని కిందికి దించలేకపోతే ఆ మంచం ఎందుకు?

పైగా చిన్న ఇళ్ళవాళ్ళకంటే నాకు కోపం మనమీద. మనకి 200 గజాలున్నా, 2,000 చదరపు అడుగులున్నా, డబుల్ హైట్ హాలుకి జాగా ఉంటుంది గానీ తిన్నని మెట్లకి ఉండదు!

"మేస్త్రి ఎలాగూ వాడికి తోచినట్టే కడతాడు, మోడల్‌దేముంది?" అని ఇంకొందరు. మా మేస్త్రి ఒద్దన్నాడండీ! నా రెండర్ చూశాక నోరుమూసుకున్నాడు. కంప్యూటర్లోంచి వచ్చింది కదా, ఇంజినీరు బాబు చెప్పాడు కదా. ఇరవై ఏళ్ళ చేతి అనుభవాన్ని నా బొగన్‌విల్లియా ఓడించింది. త్రీడీ బొమ్మకి ఆ బలం ఉంది. తప్పుని కూడా పూర్తయిన పనిలా చూపిస్తుంది. మోడల్లో కెమెరా జారుకుంటూ పైకి వెళ్ళిపోతుంది. దానికి మోకాళ్ళుండవు, బీపీ ఉండదు, చేతిలో నీళ్ళ బిందె ఉండదు, చంకలో పిల్లాడుండడు.

"వార్నింగ్ ఇచ్చింది కదా, ఇంకేం చెయ్యాలి సాఫ్ట్‌వేర్?" అంటారు మా రంగంవాళ్ళు. ఇదే అసలు చోటు. మనం మనిషి మోకాలికీ, పాదానికీ సంబంధించిన హద్దుని ఒక పారామీటర్ చేశాం. పారామీటర్ అంటేనే మార్చుకోదగ్గదని అర్థం. గోడ రంగు మార్చే డైలాగ్ ఎంత తేలికో, మెట్టు గరిష్ఠ ఎత్తు మార్చే డైలాగూ అంతే తేలిక. రెండిటికీ అదే ఓకే బటన్. ఎవరు మార్చారో, ఎందుకు మార్చారో ఎక్కడా మిగలదు. మన కోడ్‌లో కామా మార్చినా కమిట్ మెసేజ్ రాయాలి, ఇంకొకరు రివ్యూ చెయ్యాలి. మా నాన్న దిగిన మెట్లకి ఎవరూ రివ్యూ చెయ్యలేదు.

ఇది నాన్నకి చెప్తే ఆయనన్నారు. "మా ప్లాంటులో మెషీను ఆపి ఒకడు ట్యాగ్ కడితే, దాన్ని ఇంకొకడు విప్పకూడదురా. విప్పాలంటే సంతకముండాలి. ఎందుకంటే అవతల ఎవడి చెయ్యి లోపలుందో నీకు తెలీదు."

అంతే. వార్నింగ్ అంటే అదే, అవతల ఎవడిదో చెయ్యో కాలో లోపలుందని. మనం దాన్ని స్క్రీన్ మీద చెత్త అనుకుంటాం.

ఏం చెయ్యమంటావు?

ఉపన్యాసం దంచి వెళ్ళిపోతే బాగోదు కాబట్టి నాకు తోచినవి చెప్తాను.

ఇల్లు కట్టించుకునేవాళ్ళు: ఇంటికి ఒకే మెట్లుంటే డాగ్‌లెగ్గో, తిన్ననివో పెట్టించండి. స్పైరల్ మీద అంత మోజుంటే టెర్రస్ మీద వాటర్ ట్యాంకుకి పెట్టించుకోండి, రెండో దారిగా పెట్టుకోండి. ఎవరైనా రెండర్ చూపిస్తే ఒకే ప్రశ్న అడగండి, "పడుకున్న మనిషిని దీంట్లోంచి ఎలా దించుతారు?" జవాబు చెప్పడానికి తడబడితే ఆ బొమ్మ మూసెయ్యమనండి.

మోడల్ చేసేవాళ్ళు: వార్నింగొస్తే మెట్లు మార్చండి, అంకె మార్చకండి. కుదరకపోతే కుదరదని చెప్పండి. "రాదు" అని చెప్పడం కూడా ఇంజినీరింగే. మోడల్లో ఒక ఆరడుగుల స్ట్రెచర్ బాక్సుని పెట్టి గుమ్మం నించి గేటు దాకా తిప్పి చూడండి. పది నిమిషాల పని. బొగన్‌విల్లియా పాకించడానికి నాకు గంట పట్టింది.

నాలాగ టూల్స్ రాసేవాళ్ళు: కోడ్ హద్దుల్ని మామూలు ప్రాపర్టీల్లో కలపకండి. మార్చనివ్వండి, కానీ పేరూ కారణమూ అడగండి. ఆ రెండూ ప్రింటయ్యే షీటు మీదకి రావాలి, మేస్త్రి చేతిలోకి వెళ్ళే కాగితం మీద కనపడాలి. నేను మా ప్లగిన్‌లో ఇది పెట్టాను. మొదటి వారం టీములో అందరూ విసుక్కున్నారు. కారణం బాక్సులో ఒకడు "asdf" అని కొట్టి... సారీ, ఏ మీటలు దొరికితే అవి కొట్టి ఓకే అన్నాడు. ఇప్పుడు ఆ చెత్త అక్షరాలు అతని పేరుతో సహా షీటు మీద ప్రింటవుతున్నాయి. రెండో వారం నించి సరిగ్గా రాస్తున్నాడు :-)

మరి మా ఇల్లు?

నాన్న హాస్పిటల్ నించి వచ్చాక కింద పోర్షన్ ఖాళీ చేయించి కొన్నాళ్ళు అక్కడే ఉన్నారు. ఈలోగా ఆ 8 బై 8 గదుల్ని పగలగొట్టించాం. అదే మేస్త్రిని పిలిచాను. వచ్చాడు, ఒక్క మాట దెప్పలేదు. ఆ దెప్పకపోవడమే నాకు ఎక్కువ తగిలింది. ఫ్లోరుకి 17 మెట్లు, ఒక్కోటి ఏడంగుళాలు, పాదానికి 10 అంగుళాలు, మధ్యలో ల్యాండింగ్. గదుల అద్దె పోయింది, శ్లాబులు కోయడానికీ కొత్త మెట్లకీ అయిన ఖర్చులో నా ఏడాది బోనస్ పోయింది. నాన్న ఇప్పుడు పొద్దున్నే ల్యాండింగ్ మీద ఒక నిమిషం నిలబడి, పేపరు కుర్రాడితో మాట్లాడి, మళ్ళీ ఎక్కుతారు. ల్యాండింగ్ ఎందుకుంటుందో నాకు బీటెక్‌లో ఎవరూ ఇలా చెప్పలేదు.

ఆ ఇనప మెట్లు పారెయ్యలేదు. ఓ ఆరు మెట్లు కోయించి టెర్రస్ మీద వాటర్ ట్యాంకు దగ్గర పెట్టించాం. అక్కడికి నేనొక్కణ్ణే ఎక్కుతాను. అమ్మ దాని మీదకి నిజంగానే బొగన్‌విల్లియా పాకించింది. చూడ్డానికి బావుంటుంది, కాదనను.

మధురవాడ అబ్బాయికి ఇదంతా చదవమని లింకు పంపిస్తున్నాను. తమ్ముడూ, ఇంకా శ్లాబు పడలేదు కదా? మీ అమ్మగారికి మోకాళ్ళ నొప్పులని నువ్వే ఓసారి చెప్పావు. ఆ మోడల్ మళ్ళీ ఓసారి తెరువు.